పన్నెండు బిళ్ళల పోరు

బారెడు పొద్దెక్కేసరికి సింగన సర్పశిలా దుర్గం ఏడో వాకిలి దాటాడు. తలమీద మణిశృంగపు యువరాజు తలపాగా, వేలికి యువరాజు ముద్రటుంగరం, నడుముకు యువరాజు కత్తి. అసలు యువరాజు ప్రతాపశేఖరుడు మాత్రం ఆ వేళకు తన కోటలో వడ్లగాదెలో దూరి, పైన గోనెపట్టా కప్పుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా నోరు నొక్కుకుంటున్నాడు. పేరులో ఉన్న ప్రతాపం ఒంట్లోకి దిగకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఏటేటా మాఘం వెళ్ళగానే మాంత్రికుడు కంకాళుడి నగారా ఆరు రాజ్యాల పొలిమేరల్లోనూ మోగుతుంది. రాజ్యానికొకరు చొప్పున వచ్చి అతని దుర్గంలో బిళ్ళలాట ఆడాలి. రాని రాజ్యంలో ఆ ఏడు పంటచేల మీద నిప్పు కురుస్తుంది. నిరుడు మణిశృంగం తరఫున సింగన అక్క నాంచారి వెళ్ళింది. లక్కబిళ్ళల మీద బొమ్మలు వేయడంలో ఆమెను మించినవారు లేరు కనుక, బిళ్ళ తెలిసిన చేతికి ఆట తెలియకపోతుందా అని రాజుగారే పంపించారు. వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. అక్కచేతి అన్నం తిని, అక్క చేయి పట్టుకుని కుంచె దిద్దిన సింగనకు ఆ ఏడాదంతా ఏ రంగూ కంటికి ఆనలేదు. ఈసారి వంతు యువరాజుకు పడిందని తెలియగానే తనే వెళ్ళి ఆ వేషం అడిగి పుచ్చుకున్నాడు. నాంచారి పేరెత్తినవాణ్ణి వాకిట్లోనే పాములకు వేయమని కంకాళుడి ఆజ్ఞ ఉందట. అందుచేత, లక్క పనివాడు సింగన ఇవాళ యువరాజు.

ఆటమంటపం చూస్తే ఎవరికైనా గుండె ఒక లెక్క తప్పి కొట్టుకోవలసిందే. నల్లరాతి స్తంభాలు నూట ఎనిమిది, ఒక్కొక్క స్తంభానికీ అడుగు నుంచి చివరి దాకా చుట్టుకున్న రాతిపాము, ఒక్కొక్క పాము పడగలోనూ పచ్చటి మణి. పైకప్పుకు గుండ్రటి కన్నం చెక్కారు. అందులోంచి దిగిన ఎండ నేరుగా మంటపం నడుమ ఉన్న గుండ్రటి బండ మీద పడుతోంది. బండ పక్కనే నిలువెత్తు లోతున్న అగ్నిగుండం. అందులో మంట ఎర్రగా కాక నీలంగా, చప్పుడు లేకుండా మండుతోంది. బండ చుట్టూ ఆరు పీటలు. ఆ వైభవమంతా చూసి సింగనకు కలిగింది భక్తీ కాదు, భయమూ కాదు, ఒళ్ళు మంట. ఇన్ని స్తంభాలు చెక్కినవాళ్ళలో ఎందరు బతికి ఇంటికి వెళ్ళారో అనుకున్నాడు.

కంకాళుడు వచ్చాడు. నెత్తి నుంచి చీలమండల దాకా ఏడు పొరల నల్ల ముసుగు. అతని మొహం చూసినవాళ్ళు ఆరు రాజ్యాల్లోనూ లేరు. కనిపించేవి పాదాలు రెండే, ఎడమ పాదానికి ఆరు వేళ్ళు. ముసుగు వెనక నుంచి, పాతకుండలో నీళ్ళు కదిలినట్టున్న గొంతుతో ఆట పద్ధతి చెప్పాడు. ఒక్కొక్కరికీ మూడు విడతల్లో మూడు భరిణెలు. భరిణెకు తొమ్మిది బిళ్ళలు. తన భరిణె తెరిచి నచ్చిన బిళ్ళ ఒకటి తీసుకుని, మిగిలిన ఎనిమిదీ పక్కవాడికి అందించాలి. వాడు ఒకటి తీసుకుని ఆ పక్కకు. మొదటి విడత ఎడమకు, రెండో విడత కుడికి, మూడోది మళ్ళీ ఎడమకు. అలా ఏరుకున్న ఇరవై ఏడింటిలో పన్నెండే పోరుకు కట్టగా కట్టుకోవాలి. మిగిలిన పదిహేనూ అగ్నిగుండంలో వేయాలి. పోరు ఇద్దరిద్దరికి. మూడో పీటవాడు నాలుగో పీటతో.

సింగనది మూడో పీట. అతని ఎడమపక్క నాలుగో పీట మీద వజ్రకూటపు సేనాని రుద్రసాని కూర్చుంది. యాభై దాటిన మనిషి. చెవి నుంచి గడ్డం దాకా పాత కత్తిగాటు. మూడేళ్ళుగా వచ్చి మూడేళ్ళూ తిరిగి వెళ్ళింది ఆమె ఒక్కతే. మిగిలిన నలుగురూ ఆమె వంక చూడ్డానికే జంకుతున్నారు. ఒకరికొకరు మంచినీళ్ళు అందించుకునే మర్యాద కూడా ఆ బండ చుట్టూ లేదు. పక్కవాడు దగ్గితే అందులోనూ ఏదో ఎత్తు ఉందని అనుమానించే ముఖాలు అన్నీ.

రుద్రసాని సింగన చేతుల వంక ఒకసారి చూసి, పెదవి విరిచింది.

"యువరాజులు ఈమధ్య గోళ్ళకు లక్క పూసుకుంటున్నారు కాబోలు."

సింగన చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. వేటకు వెళ్ళినప్పుడు ఏదో చెట్టు బంక అంటిందని ఏదో గొణిగాడు. ఆమె జవాబు వినను కూడా లేదు.

నగారా మీద దెబ్బ పడింది. ఆరు భరిణెలూ ఒక్కసారే తెరుచుకున్నాయి.

సింగన తొమ్మిది బిళ్ళలూ ఒళ్ళో పరుచుకుని చూశాడు. అరచేతిలో పట్టే గుండ్రటి లక్కబిళ్ళలు. నిప్పు, నీరు, మన్ను, గాలి అని నాలుగు వరుసలు. ఒక్కొక్క బిళ్ళ అంచునా చిన్న చుక్కలు, దాన్ని బండ మీదికి దింపడానికి ఎన్ని ఊపిరులు కావాలో చెప్పే గుర్తులు. పోరులో మొదటి వంతుకు ఒక ఊపిరి, రెండో వంతుకు రెండు, అలా పెరుగుతూ పోతాయి. ఒక చుక్క బిళ్ళ మొదటి వంతులోనే దిగుతుంది, ఆరు చుక్కల బిళ్ళ కోసం ఆరో వంతు దాకా బతికి ఉండాలి. ఇదంతా సింగనకు తెలుసు. తెలియనిది ఒక్కటే, అయిదో బిళ్ళ తిప్పేసరికి ఎవరు కనిపిస్తారో.

దాని మీద ప్రమిద పట్టుకుని నిలబడిన ఆడమనిషి. ఎత్తు నుదురు, కుడి చెవి దగ్గర పుట్టుమచ్చ. నాంచారి.

మనిషి బొమ్మ ఉన్న బిళ్ళలన్నీ ఒకప్పుడు ఇదే బండ దగ్గర ఓడినవాళ్ళవే అని మణిశృంగంలో పసిపిల్లలక్కూడా తెలుసు. తెలిసినా ఇంతదాకా నమ్మలేదు సింగన. ఇప్పుడు అక్క వేలెడు బొమ్మై తన ఒళ్ళో ఉంది. అతనికి ఏడుపు వచ్చింది. యువరాజులు ఏడవరు కనుక మింగేశాడు. సరిగ్గా అప్పుడే, లక్క పనివాడు తప్ప లోకంలో ఇంకెవరూ చేయని పొరపాటు ఒకటి చేశాడు. బిళ్ళను వెనక్కి తిప్పి, బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి నిమిరాడు. పని ఎవరి చేతిదో లక్క పనివాళ్ళు చూసేది బొమ్మలో కాదు, అంచులో. ఈ అంచుకు జంటగీత ఉంది. జంటగీత గీసే చేతులు లోకంలో రెండే, అక్కవీ తనవీ.

అక్క బొమ్మను అక్కే వేసుకుందా? ఎందుకు?

ఆలోచించడానికి వ్యవధి లేదు. అదే భరిణెలో రాతి ఖడ్గమృగం కూడా ఉంది. అది దిగితే ఎదుటివాడి కట్ట సగం చితికిపోతుంది. గెలవకపోతే అక్క దొరికీ లాభం లేదు, తనూ బిళ్ళ అయిపోతాడు. ప్రమిద పట్టుకున్న మనిషి బిళ్ళకు ఒకే చుక్క. బలం లేదు, చూడ్డానికి ఎవరికీ పనికిరానిది. ఆరుగురి చుట్టూ తిరిగిన భరిణె మూడు బిళ్ళలతో మళ్ళీ తన దగ్గరికే వస్తుంది. మిగిలిన అయిదుగురూ ఈ దీపం బిళ్ళను కన్నెత్తి చూడరు. అప్పుడు తీసుకోవచ్చు. లెక్క సరిగానే ఉంది. ఖడ్గమృగాన్ని తీసుకుని, అక్కను మిగిలిన వాటి మధ్య దూర్చి, భరిణె రుద్రసానికి అందించాడు.

రుద్రసాని భరిణెలోకి చూడలేదు. అతని బొటనవేలి వంక చూసింది. ఆ తరువాత ఎనిమిది బిళ్ళలూ తిరగేసి, అంచులు ఒక్కొక్కటే తడిమి, ఒకటి తీసి రొంటిన దోపుకుంది.

తిరిగి తిరిగి భరిణె వచ్చింది. మూడు బిళ్ళలు మిగిలాయి. మొసలి, గాలిపిచ్చుక, మట్టికుండ. నాంచారి లేదు.

సింగన తల తిప్పి చూశాడు. రుద్రసాని రొంటి లోంచి జంటగీత అంచు మాత్రం పైకి లాగి చూపించి మళ్ళీ దోపేసింది.

"ఏ బిళ్ళ కావాలో బొటనవేలితో చెప్పేవాడివి, ఆటకు ఎందుకొచ్చావు నాయనా?" అంది, మరెవరికీ వినపడకుండా.

అక్క కన్నా ఖడ్గమృగం ఎక్కువైపోయిందా అని తన్ను తాను తిట్టుకుంటూ సింగన గాలిపిచ్చుకను తీసుకున్నాడు. ఆమె తలుచుకుంటే లేచి, వీడు నాంచారి మనిషి అని కంకాళుడికి చెప్పవచ్చు. చెప్పలేదు. పిల్లి ఎలుకను వెంటనే చంపదు కదా అనుకున్నాడు.

రెండో విడతలో భరిణెలు ఎదురు తిరిగాయి. ఇప్పుడు రుద్రసాని ఏరుకోగా మిగిలినవి సింగనకు వస్తాయి. ఒకరి కట్ట ఏమిటో తెలుసుకోవాలంటే వాళ్ళు తీసుకున్నవి చూడనక్కరలేదు, వదిలేసినవి చూస్తే చాలు. మొదటి భరిణెలో నిప్పు బిళ్ళలు మూడు వచ్చాయి, మంచివి. నీటి బిళ్ళ ఒక్కటీ లేదు. రెండో భరిణెలోనూ నిప్పులే, నీరు లేదు. మూడోదీ అంతే. రుద్రసాని నీటి వరుస కడుతోంది, పైన కాస్త మన్ను.

దారి తెరిచి ఉంది కదా అని సింగన చకచకా నిప్పు బిళ్ళలు ఏరుకున్నాడు. కొరివి తోడేలు ఒకటి మాత్రం ఆమె ఎందుకో వదలకుండా ఉంచుకుంది. అయిదు బిళ్ళలు ఏరాక అతని చేయి గాలిలో ఆగిపోయింది.

ప్రమిద పట్టుకున్న బిళ్ళది నిప్పు వరుస. నీటి కట్టలో దానికి చోటు లేదు. రుద్రసాని దాన్ని తీసుకున్నది ఆడ్డానికి కాదు. పన్నెండు కట్టుకుని, మిగిలిన పదిహేనింటితో పాటు అక్కను ఆ నీలిమంటలో వేస్తుంది. సాయంత్రం దాకా కూడా అక్కర్లేదు, పోరుకు ముందే.

అడిగి చూశాడు. యువరాజు గొంతు పక్కన పెట్టి, అందులో ఉన్నది తన అక్క అని చెప్పి, ఆ బిళ్ళ ఇస్తే ఖడ్గమృగాన్ని ఇస్తానన్నాడు. ఆమె భరిణెలోంచి తల ఎత్తలేదు.

"అది కాలిపోతే నేను హాయిగా నిద్రపోతాను. నోరు మూసుకుని ఏరుకో."

ఆ మాటలో ఉన్న పగ ఏమిటో సింగనకు అంతుపట్టలేదు. ఎన్నడూ ఎరగని మనిషికి అక్క మీద ఇంత కక్ష ఎందుకు? అతనికి ఆమెను ఆ బండ మీదే మెడ పట్టి నొక్కేయాలనిపించింది. కానీ స్తంభాల మీది పాములు ఊరికే చెక్కినవి కావు, చేయి లేస్తే పడగ లేస్తుంది.

మూడో విడత. భరిణెలు మళ్ళీ ఎడమకు, అంటే తను వదిలినవన్నీ రుద్రసాని ఒళ్ళోకి. భరిణె తెరవగానే కళ్ళు జిగేలుమన్నాయి. జ్వాలాసింహం. ఆరు చుక్కలు. నిప్పు వరుసకే చక్రవర్తి. సింగన చేతిలో నిప్పు కట్ట సగం సిద్ధంగా ఉంది. ఈ ఒక్కటీ తీసుకుంటే గెలుపు ఖాయం.

బిళ్ళ మీద చేయి వేసి, తీసేశాడు.

ఆమె చేత అక్కను కట్టలో పెట్టించాలంటే ఒకటే దారి. ఆమె నీటిని మాన్పించి నిప్పు కట్టించాలి. ప్రమిద బిళ్ళకు బలం లేకపోయినా ఒక గుణం ఉంది. బండ మీద నిలబడి ఉన్నంతకాలం, తన వైపువారికి వంతుకొక ఊపిరి అదనంగా ఇస్తుంది. తేలిక బిళ్ళల కట్టకు దానితో పనిలేదు. బరువైన నిప్పు బిళ్ళలతో కట్ట నింపుకున్నవారికి మాత్రం ప్రాణాధారం, ఆరో వంతులో దిగవలసిన సింహం అయిదో వంతులోనే దిగుతుంది. అంటే తన శత్రువుకు తనే కోరలు తొడగాలి. ఆ కోరలతోనే తరువాత పోరాడాలి. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకొకటి ఉండదని అతనికీ తెలుసు.

సింగన భరిణెలోంచి ఒక చుక్క ఉడుతను తీసుకుని, జ్వాలాసింహాన్ని పక్కకు పంపించాడు.

రుద్రసాని కనుబొమలు కలిసిపోయాయి. సింహాన్ని చూసింది, అతన్ని చూసింది, మళ్ళీ సింహాన్ని చూసింది. ఉచ్చు అని తెలుసు. కానీ ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన మనిషికి అంతటి బలం ఒళ్ళోకి వస్తే కాదనడం ఎలా? తీసుకుంది. తరువాతి భరిణెలోంచి నిప్పుడేగ వచ్చింది, ఏడు చుక్కలు. దాని తరువాత అగ్గి ఏనుగు, అదీ ఏడే. వచ్చిన భరిణెలో నిప్పు కనపడితే సింగన ముట్టుకోలేదు, ఎడమకు తోసేశాడు. తను మాత్రం, ఆమె బరువు బిళ్ళలు దిగేలోపే పోరు ముగించాలని, మిగతావాళ్ళు ఛీకొట్టిన ముంగిసలు, చీమలబారు, ఉడుతలు ఏరుకున్నాడు. అవతలి పీటవాడు అది చూసి బాహాటంగానే నవ్వాడు, మణిశృంగం యువరాజు కూరగాయలు ఏరుతున్నాడన్నాడు. చివరి భరిణెలో చిట్టచివరి బిళ్ళ, ఆరుగురూ దాటేసింది, సింగనకు మిగిలింది. తెడ్డు పట్టుకున్న పడవవాడు. మూడు చుక్కలు. అటువైపు బిళ్ళ ఒకటి, ఇటువైపు బిళ్ళ ఒకటి చోటు మార్చడం తప్ప దానికి ఏ శక్తీ లేదు. పడవవాడి కళ్ళలో నీళ్ళు చిత్రించి ఉన్నాయి. పాపం, ఈయన ఎవరి తమ్ముడో అనుకుని సింగన అతన్ని కట్టలో పెట్టుకున్నాడు.

పన్నెండూ కట్టుకునే వేళ. సింగన తన పదిహేనూ గుండంలో వేశాడు. దింపడానికి చాలా ఊపిరులు కావలసిన రాతి ఖడ్గమృగం అన్నిటికన్నా ముందు పడింది. ఏ మృగం కోసం అక్కను పక్కకు పంపాడో, అది నాలుగు చినుకులంత చప్పుడైనా చేయకుండా కాలిపోయింది. అతనికి దాని వంక చూడాలనిపించలేదు. కళ్ళు రుద్రసాని చేతుల మీదే ఉన్నాయి.

ఆమె నీటి బిళ్ళలు ఒక్కొక్కటే మంటలోకి విసిరింది. మొసలి. తాబేలు. వరద. పదిహేనో బిళ్ళ చేతిలో పట్టుకుని ఆగింది. జంటగీత అంచు. ఎదురుగా పన్నెండో చోటు ఖాళీగా ఉంది, కట్టలో సింహం, డేగ, ఏనుగు. అన్నీ బరువే. మొదటి వంతుల్లో దింపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. రుద్రసాని దవడ బిగుసుకుంది. పళ్ళ మధ్య నుంచి ఒక బూతుమాట వదిలి, పక్కనున్న కప్పను మంటలోకి తోసి, నాంచారిని కట్టలో పెట్టుకుంది.

సింగనకు ఊపిరి తిరిగింది.

ఇద్దరి ఎదుటా మూడేసి మట్టికుండలు పెట్టారు. మూడూ పగిలినవారు ఓడినట్టు. కావలి నిలబడిన బిళ్ళను కూల్చకుండా కుండ మీదికి పోవడానికి లేదు. కూలిన బిళ్ళ నిలువునా చీలిపోతుంది, అందులో మనిషి ఉంటే మనిషీ అంతే. ఒకసారి దాడి చేసిన బిళ్ళ తన వంతు మళ్ళీ వచ్చేదాకా కావలి కాయదు. బోర్లించిన కట్టలోంచి వంతుకొక బిళ్ళే చేతికి వస్తుంది.

మొదటి వంతులో సింగన ఉడుతను దింపాడు. బండ మీద మూరెడు ఎత్తున పొగ లేచి, పొగలోంచి ఉడుత లేచింది. రుద్రసాని నాంచారిని దింపింది. ప్రమిద పట్టుకుని మూరెడు మనిషై నిలబడింది అక్క. కళ్ళు తెరిచే ఉన్నాయి, అతన్ని చూస్తున్నాయి, పెదవి కదపలేకపోతోంది. రెండో వంతులో ఉడుత దూకి ఒక కుండ పగలగొట్టింది, సింగన ముంగిసను దింపాడు. అంతే, రుద్రసాని నాంచారిని వేలితో ముందుకు నెట్టి మిగిలిన రెండు కుండలకూ కావలి పెట్టింది.

"ఇప్పుడు రా" అంది.

సింగన వెళ్ళలేదు. ఎలా వెళతాడు? మూడో వంతులో గాలిపిచ్చుకను, నాలుగో వంతులో చీమలబారును దింపి ఊరుకున్నాడు. ఆమెకు ఆ అడ్డు లేదు. అదనపు ఊపిరితో మూడో వంతులోనే కొరివి తోడేలు దిగింది, నాలుగో వంతులో పంజా విసిరి ఒకే దెబ్బకు అతని రెండు కుండలు ఎగరగొట్టింది. ముంగిసను అడ్డం పెట్టవచ్చు, పెట్టలేదు, దానితో ఇంకా పని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ఇన్ని ప్రాణులుండి చేతులు ముడుచుకు కూర్చున్నవాణ్ణి చూస్తే ఎవరికి నవ్వు రాదు? ఒక్క కుండ మిగిలింది. రాబోయే వంతులో ఆమెకు అయిదూ ఒకటీ ఆరు ఊపిరులు. సింహం దిగుతుంది.

అయిదో వంతుకు సింగన కట్ట మీది బిళ్ళ తిప్పాడు. తెడ్డు. పడవవాడు.

మూడు ఊపిరులు పెట్టి దింపాడు. పడవవాడు కన్నీళ్ళు తుడుచుకోకుండానే తెడ్డు వేశాడు. బండ మీద నీళ్ళ గీత ఒకటి మెరిసింది. నాంచారి ఇటు వచ్చింది, ఉడుత అటు వెళ్ళింది. రుద్రసాని సగం లేచి నిలబడింది. ఆమె కుండల ముందు ఇప్పుడు కావలి ఉడుత ఒక్కటే, తోడేలు అలిసి పడుకుని ఉంది. చీమలబారు ఉడుతను కమ్మేసింది. ఇప్పటిదాకా తన కోసం పోరాడిన ప్రాణి అది. పిచ్చుక ఎగిరి రెండో కుండ పగలగొట్టింది.

రుద్రసాని వంతు. అయిదు ఊపిరులు. చేతిలో ఆరు చుక్కల సింహం, ఏడేసి చుక్కల డేగ, ఏనుగు. ఏదీ దిగదు. సింహం బిళ్ళను పక్కకు తోసేసింది. తోడేలును ఉసిగొల్పింది. సింగన ముంగిసను అడ్డం నిలిపాడు. ముంగిస చీలిపోయింది, కుండ నిలిచింది. ఆరో వంతులో అడ్డం లేని బండ మీద గాలిపిచ్చుక తీరిగ్గా ఎగిరి, ముక్కుతో పొడిచింది. చివరి కుండ పగిలింది.

ఎవరూ మెచ్చుకోలేదు. సింగన బండ మీదికి వంగి అక్క బిళ్ళను అందుకుని గుండెకు అదుముకున్నాడు. తలపాగా జారి ఒళ్ళో పడింది. పట్టించుకోలేదు.

అప్పుడు కంకాళుడు చప్పట్లు చరిచాడు. మూగ సేవకులు లక్కగిన్నె, నల్లరంగు, కుంచె, బొమ్మ లేని బిళ్ళ ఒకటి తెచ్చి సింగన ముందు పెట్టారు. ఓడినవారిని బిళ్ళ చేసేది తాను కాదని, తన చేతికి బొమ్మలు రావని, గెలిచినవారే వేయాలని ఆ కుండగొంతు చెప్పింది. రంగులో మంత్రం ఉంది, చేయి ఎవరిదైనా సరే. చూసి వేయాలి, చూడకుండా వేసింది అంటదు. కళ్ళు దిద్దిన క్షణాన మనిషి బిళ్ళలోకి దిగిపోతుంది. పొద్దు వాలేలోగా బిళ్ళ నిండాలి, లేకపోతే గెలిచినవాడే మంటలోకి.

రుద్రసాని అప్పటికే అతని ఎదురుగా చతికిలబడి కూర్చుంది. వేడుకోవడానికి కాదు, పద్ధతి తెలిసిన మనిషి కనుక. కంకాళుడు ఆమె వీపు వెనక నిలబడ్డాడు.

"నిరుడు నేను ఇక్కడే కూర్చున్నాను. ఇలాగే" అంది ఆమె, బిళ్ళ వంక చూస్తూ. "మీ అక్క నా మూడు కుండలూ పగలగొట్టింది. కుంచె తీసుకుని నన్ను చాలాసేపు చూసింది. తరువాత గిన్నెలో నీళ్ళు పోయించుకుని, అందులో తన మొహం చూసుకుంటూ తన బొమ్మ వేసుకుంది."

సింగన అక్క బిళ్ళను గుప్పిట్లో బిగించాడు.

"ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. గెలిచి వచ్చానని మా ఊళ్ళో నన్ను ఏనుగు మీద ఊరేగించారు. ఏడాదిగా నాకు అన్నం సయించడం లేదురా. అది కాలిపోతే మరిచిపోతాననుకున్నాను." ఆమె గొంతు మళ్ళీ గరుకెక్కింది. "ఊఁ, కానీయి. నువ్వు మాత్రం ఆ పిచ్చిపని చేయకు."

సింగన గుప్పిట విప్పి అక్క మొహం చూశాడు. అక్క ఎందుకలా చేసిందో అతనికి చెప్పనక్కరలేదు. చేతిలో కుంచె ఉంది, ఎదురుగా ఉన్న మనిషిని వేయడానికి మనసొప్పలేదు, వేయవలసినవాడి మొహం ముసుగులో ఉంది. చూడనిది అంటదు. మిగిలింది నీళ్ళలోని తన మొహమే. అంతసేపు ఆమె ఒంటరిగా కూర్చుని చేసిన లెక్క అది. దుఃఖం పొంగి అతని కళ్ళు మసకబారాయి. దాని వెనకే కోపమూ వచ్చింది.

కుంచె ముంచాడు. అంచున జంటగీత గీశాడు. లక్క పనివాళ్ళు బొమ్మ పాదాల నుంచి మొదలుపెడతారు, మొహం చివర. ఇది కంకాళుడికి తెలియదు, తెలిసినా అతనికి రుద్రసాని వీపు అడ్డం. సింగన తల వంచుకుని, కనురెప్పల కింద నుంచి రుద్రసాని మోకాళ్ళ పక్కగా చూస్తూ, కుడి పాదం వేశాడు. ఎడమ పాదం వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు వేళ్ళు. తరువాత ఆరోది.

తలకిందులుగా కనిపిస్తున్న ఆ పాదం మీద రుద్రసాని చూపు నిలిచిపోయింది. తన కాళ్ళు చూసుకుంది. మళ్ళీ బిళ్ళను చూసింది. చెవి నుంచి గడ్డం దాకా ఉన్న పాతగాటు మెల్లగా ఎర్రబడింది.

ముసుగు అంచులు వేశాడు, మడతలు వేశాడు, భుజాలు వేశాడు. కంఠం దాకా వచ్చాడు. నల్లరంగు అడుగంటుతోంది.

"మొహం ఎలా వేస్తావు?" అంది రుద్రసాని, పెదవులు కదపకుండా.

"చూపిస్తే వేస్తాను, అమ్మా."

"ఏమిటా గుసగుసలు?" అని కంకాళుడు ఒక అడుగు ముందుకు వచ్చాడు. బిళ్ళ చూడబోయి వంగాడు. వంగినప్పుడు ఏడు పొరల ముసుగూ ముందుకు వేలాడింది, రుద్రసాని చెంపకు తగిలేంత దగ్గరగా.

ఆమె వెనక్కి తిరగలేదు. కూర్చున్న చోటు నుంచే రెండు చేతులూ తల మీదుగా ఎత్తి ఆ నల్లగుడ్డను పిడికిళ్ళతో పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కిందికి గుంజింది. నూట ఎనిమిది స్తంభాల మీద నూట ఎనిమిది పడగలు ఒక్కసారే లేచాయి. ఒక పాము ఆమె భుజాన కాటు వేసింది, ఇంకొకటి నడుము చుట్టింది. రుద్రసాని పిడికిళ్ళు విడవలేదు. ఒక పొర చిరిగింది, రెండోది చిరిగింది, మిగిలిన అయిదూ కలిసి జారిపోయాయి.

సింగన కుంచె ఎత్తి, రెప్ప వేయకుండా ఆ మొహంలోకి చూశాడు. కుంచె కొన మీద రెండు కళ్ళకు సరిపడా రంగు మాత్రమే మిగిలి ఉంది.